బట్టలతో కథ చెప్పిన భాను అథైయా

'ఆర్ ఆర్ ఆర్' చిత్రంలోని 'నాటు నాటు' పాటకు 2023 మార్చిలో ఆస్కార్ వచ్చినప్పుడు మా బడిలోని తెలుగు పిల్లల కాళ్ళు నేల మీద నిలవలేదు. నిజానికి మేము ఇక్కడ పట్టుమని పదిమందిమి కూడా లేము. అమ్మానాన్నల బదిలీలతో ఊళ్ళు తిరుగుతూ వచ్చి ఇక్కడ కలుసుకున్నవాళ్ళమే. అయినా ఆ వారమంతా తెలుగు రాని నేస్తాలు మా దగ్గరికి వచ్చి ఆ పాటలోని మాటలకు అర్థాలు అడిగారు. కీరవాణి గారి పేరు, చంద్రబోస్ గారి పేరు అందరి నోళ్ళలో నానాయి. ఆ సందడిలోనే ఒక ప్రశ్న పుట్టింది. ఆస్కార్ అందుకున్న మొట్టమొదటి భారతీయులు ఎవరు? ఒకరు సత్యజిత్ రే అన్నారు. ఇంకొకరు ఏ.ఆర్. రెహమాన్ అన్నారు. గ్రంథాలయంలో వెతికితే వేరే పేరు దొరికింది. అది భాను అథైయా.

ఆమె నటి కాదు, గాయని కాదు, దర్శకురాలూ కాదు. సినిమాలలో పాత్రలకు దుస్తులు రూపొందించిన కళాకారిణి. 'నాటు నాటు'కు సరిగ్గా నలభై ఏళ్ళ ముందు, 1983 ఏప్రిల్ 11న, 'గాంధీ' చిత్రానికి ఆమె ఆ బహుమతి అందుకున్నారు. ఫ్యాషన్ అనగానే మాకు గుర్తొచ్చేవి మెరుపులు, ర్యాంపు నడకలు, పండగ ముందు దుకాణాల అద్దాల వెనుక నిలబెట్టే బొమ్మలు. ఒక చేనేత పంచెకూ ఒక ఖద్దరు చీరకూ ఆస్కార్ ఎలా వచ్చిందో తెలుసుకోవాలనిపించింది. తెలుసుకున్నదే ఇక్కడ రాస్తున్నాము.

భాను గారు 1929 ఏప్రిల్ 28న మహారాష్ట్రలోని కొల్హాపూర్‌లో పుట్టారు. పుట్టింటి పేరు భానుమతి రాజోపాధ్యే. ఏడుగురు పిల్లల్లో ఆమె మూడో సంతానం. తండ్రి అన్నాసాహెబ్ చిత్రకారుడు. ఆ రోజుల్లో కొల్హాపూర్ సినిమాలకూ చిత్రకళకూ పేరుపొందిన ఊరు. ఇంట్లో రంగులు, కుంచెలు, కాగితాలు ఎప్పుడూ కళ్ళ ముందు ఉండేవి. అయితే భానుకు తొమ్మిదేళ్ళు నిండేసరికి తండ్రి పోయారు. ఇంటి పెద్ద దిక్కు పోయిన ఇంట్లో, ఏడుగురు పిల్లలున్న ఇంట్లో, ఒక ఆడపిల్ల చేతిలో కుంచె నిలవడం మాటలు కాదు. కానీ ఆ పిల్ల బొమ్మలు గీయడం మానలేదు.

తర్వాత ఆమె బొంబాయి వెళ్ళి ప్రసిద్ధమైన సర్ జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చేరారు. అక్కడ 1951లో ఉషా దేశ్‌ముఖ్ బంగారు పతకం గెలిచారు. 1953లో ప్రోగ్రెసివ్ ఆర్టిస్ట్స్ గ్రూప్ ప్రదర్శనలో ఆమె చిత్రాలకూ చోటు దొరికింది. ఎం.ఎఫ్. హుసేన్, ఎస్.హెచ్. రజా, ఎఫ్.ఎన్. సౌజా వంటివారు స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదే మొదలుపెట్టిన బృందం అది. ఆధునిక భారతీయ చిత్రకళ గురించి మాట్లాడేవాళ్ళు ఇప్పటికీ ఆ బృందం పేరుతోనే మొదలుపెడతారు. ఆమె ఆ దారిలోనే నడిచి ఉంటే ఈరోజు ఆమె పేరు చిత్రశాలల గోడల మీద కనిపించేదేమో.

కానీ ఇల్లు గడవాలి. చదువుకుంటూనే ఆమె పత్రికలకు ఫ్యాషన్ బొమ్మలు గీసి ఇచ్చేవారు. 'ఈవ్స్ వీక్లీ' అనే మహిళా పత్రికలో ఆ బొమ్మలు వచ్చేవి. ఆ పత్రిక సంపాదకురాలు ఒక దుస్తుల దుకాణం తెరిచి, కాగితం మీద గీసేవాటిని గుడ్డ మీద కుట్టించి చూడమని ఆమెను ప్రోత్సహించారు. అక్కడే ఆమె దారి మలుపు తిరిగింది. కాగితం మీది బొమ్మ కదలదు. గుడ్డ మనిషి ఒంటి మీద కదులుతుంది, ముడతలు పడుతుంది, చెమటకు తడుస్తుంది, గాలికి ఎగురుతుంది. ఆమె చేతి కింది చిత్రం అలా నడవడం నేర్చుకుంది. ఆ దుకాణానికి వచ్చిన నటీమణులే ఆమెను సినిమాల్లోకి తీసుకువెళ్ళారు.

1956లో గురుదత్ నిర్మించిన 'సి.ఐ.డి.'తో ఆమె చిత్రసీమలో స్థిరపడ్డారు. మాకు ఆ సినిమాలో ఒక సొంత చుట్టం కూడా దొరికింది. వహీదా రెహమాన్ హిందీలో నటించిన మొదటి చిత్రం అదే. అంతకు ముందు ఏడాది 'రోజులు మారాయి' తెలుగు చిత్రంలో నాట్యం చేసి మన ఊళ్ళలో పేరు తెచ్చుకున్నదీ ఆమే. మా అమ్మమ్మల తరం ఆ నాట్యాన్ని ఇప్పటికీ తలుచుకుంటారు. ఆ తర్వాత గురుదత్ తీసిన 'ప్యాసా', 'కాగజ్ కే ఫూల్', 'సాహిబ్ బీబీ ఔర్ గులామ్' వంటి చిత్రాలలోనూ భాను గారి పని ఉంది. 1962లో వచ్చిన 'సాహిబ్ బీబీ ఔర్ గులామ్'లో మీనాకుమారి జమీందారు ఇంటి కోడలు, వహీదా రెహమాన్ ఆధునిక భావాల ఇంట్లో పెరిగిన అమ్మాయి. ఇద్దరూ చీరలే కట్టారు. అయినా ఎవరు ఏ ఇంటివారో మాట విననవసరం లేకుండా తెలిసిపోతుంది. ఒకరి ఒంటి మీద నగల బరువు, పట్టు బరువు, ఇంటి బరువు అన్నీ కలిసి ఉంటాయి. ఇంకొకరి చీర తేలికగా ఉంటుంది. సంభాషణ మొదలుకాకముందే బట్ట సగం కథ చెప్పేస్తుంది.

ఆమె పనిలో మమ్మల్ని ఎక్కువగా ఆకట్టుకున్నది ఆమె పడిన వెతుకులాట. 1966లో వచ్చిన 'ఆమ్రపాలి' బుద్ధుడి కాలం నాటి వైశాలి నగర నర్తకి కథ. వైజయంతిమాల అందులో నాయిక. అప్పటి బట్టలు ఎవరూ దాచి ఉంచలేదు. గుడ్డ రెండున్నర వేల ఏళ్ళు నిలవదు. భాను గారు అజంతా గుహలకు వెళ్ళి అక్కడి గోడ చిత్రాలను పరిశీలించారు. చిత్రకారిణి కాబట్టి ఆ గోడల మీది మడతలు, ముడులు, నడుము పట్టీలు ఆమె కంటికి పాఠాలయ్యాయి. ఆ చిత్రాలు కూడా కథాకాలానికి కొన్ని శతాబ్దాల తర్వాతివే. అయినా మన దేశంలో పాత వేషధారణను కళ్ళకు కట్టే సాక్ష్యాలు అలాంటివే. చరిత్ర పాఠంలో మేము 'ఆధారాలు' అని చదువుకునే మాటకు ఇంత చక్కటి ఉదాహరణ మాకు మరొకటి దొరకలేదు.

అదే చేతులు కొత్త కాలపు అవసరాలనూ తీర్చాయి. 1965లో 'వక్త్' చిత్రంలో సాధన తొడిగిన ఒంటికి అతికిన కుర్తా, చుడీదార్ చూసి దేశమంతటా అమ్మాయిలు దర్జీల దగ్గరికి పరుగెత్తారట. 1968లో 'బ్రహ్మచారి'లో ముంతాజ్ హుషారుగా నాట్యం చేయాలి. మామూలుగా కట్టిన చీర అంత గెంతులకు నిలవదు. అందుకని భాను గారు చీరను ముందే కుట్టి జిప్ పెట్టించారు. చూసేవాళ్ళకు అది చీరే, ఆడేవాళ్ళకు మాత్రం ఊడిపోతుందన్న భయం లేదు. ఇప్పుడు పెళ్ళిళ్ళలో దొరికే కుట్టిన చీరలను చూసినప్పుడు మాకు ఈ సంగతే గుర్తొస్తుంది. అందంతో పాటు ఆ బట్ట వేసుకునేవారి కష్టాన్నీ ఆలోచించేవారే ఇలాంటి ఉపాయం పట్టగలరు.

ఇక 'గాంధీ' సంగతి. ప్రతి ఏటా అక్టోబరు 2న మా బడిలో ఒకటో తరగతి పిల్లవాడెవరో గాంధీ వేషం వేస్తాడు. తెల్లటి గుడ్డ, గుండ్రటి కళ్ళజోడు, చేతికర్ర. అంతే, అందరూ గుర్తుపట్టి చప్పట్లు కొడతారు. ప్రపంచంలో ఇంత తేలికైన వేషం ఇంకొకటి ఉండదనిపిస్తుంది. కానీ గాంధీజీ ఆ వేషానికి చేరుకోవడానికి ముప్పై ఏళ్ళకు పైగా పట్టింది. 1888లో చదువుకోసం లండన్ వెళ్ళిన కొత్తలో ఆయన పందొమ్మిది షిల్లింగులు పెట్టి పొడుగు టోపీ కొన్నారు. పది పౌన్లు పోసి సూటు కుట్టించుకున్నారు. ఈ లెక్కలు ఆయనే తన ఆత్మకథలో రాసుకున్నారు. కుటుంబాన్ని దక్షిణాఫ్రికా తీసుకువెళ్ళేటప్పుడు నాగరికంగా కనబడాలని కస్తూరిబాకు పార్సీ పద్ధతిలో చీర, పిల్లలకు పార్సీ కోటు, పంట్లాము ఎంపిక చేశారు. అలవాటు లేని మేజోళ్ళు, బూట్లు కూడా వాళ్ళకు తొడిగించారు. 1915 జనవరిలో బొంబాయి రేవులో దిగినప్పుడు కాఠియావాడీ దుస్తుల్లో దిగారు. 1921 సెప్టెంబరు 22న మధురలో అవి కూడా వదిలేసి, పేద రైతు కట్టే కొల్లాయి గుడ్డకు మారారు. దేశంలో కోట్లమందికి ఒంటి నిండా బట్ట లేదన్నదే దానికి కారణం.

అంటే గాంధీజీ జీవితాన్ని ఆయన బట్టల మార్పుల్లోనే చదవవచ్చు. రిచర్డ్ అటెన్‌బరో తీసిన చిత్రంలో ఆ మార్పును చూపించే బాధ్యత భాను గారి మీద పడింది. ఇంగ్లండుకు చెందిన జాన్ మోలో ఆమెతో కలిసి పనిచేశారు. ఆయన సైనికుల యూనిఫాముల చరిత్ర క్షుణ్ణంగా తెలిసినవారు. భారతీయ దుస్తుల భారం భాను గారిది. గాంధీ పాత్రలో బెన్ కింగ్‌స్లే, కస్తూరిబా పాత్రలో రోహిణీ హట్టంగడి నటించారు. చిత్రంలో 1893 నాటి రైలు పెట్టెలో సూటూ బూటూ వేసుకున్న యువ న్యాయవాది కనిపిస్తాడు. ఆ తర్వాత మూడు గంటల్లో మన కళ్ళ ముందే ఆయన ఒంటి మీద బట్ట తగ్గుతూ పోతుంది, మనిషి మాత్రం పెరుగుతూ పోతాడు. దేశం చూడడానికి బయలుదేరిన గాంధీ ఒక నది ఒడ్డున ఆగుతాడు. అవతల సరైన బట్ట కూడా లేని ఒక పేదరాలు కనిపిస్తుంది. ఆయన తన తెల్లటి గుడ్డను నీటిలోకి వదులుతాడు. అది మెల్లగా తేలుతూ ఆమె దగ్గరికి చేరుతుంది. ఆ దృశ్యంలో మాటలు లేవు, ఉన్నది బట్ట ఒక్కటే.

నెహ్రూ, పటేల్, జిన్నా, ఉప్పు సత్యాగ్రహులు, రైతులు, సిపాయీలు, రైలు పైకప్పుల మీద కూర్చున్న జనం, వీరందరికీ కాలాన్ని బట్టి, ప్రాంతాన్ని బట్టి, కులవృత్తిని బట్టి తలపాగా దగ్గర నుంచి చెప్పు దాకా సరిపోవాలి. 1981 జనవరి 31న ఢిల్లీ రాజ్‌పథ్‌లో చిత్రీకరించిన అంతిమయాత్ర దృశ్యంలో సుమారు మూడు లక్షలమంది పాల్గొన్నారు. చిత్రానికి మొత్తం ఎనిమిది ఆస్కార్లు వచ్చాయి. దుస్తులకు వచ్చిన బహుమతిని భాను గారు, జాన్ మోలో కలిసి అందుకున్నారు. వేదిక మీద ఆమె నాలుగు ముక్కలే మాట్లాడారు. ప్రపంచం దృష్టిని భారతదేశం వైపు తిప్పినందుకు అటెన్‌బరోకు కృతజ్ఞతలు చెప్పి దిగిపోయారు.

మేము కళ్ళు మూసుకుని ఆ చిత్రంలోని బట్టలను గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాము. గాంధీ గుర్తొచ్చాడు, కస్తూరిబా గుర్తొచ్చింది, దండి సముద్రం ఒడ్డు గుర్తొచ్చింది. 'ఇది ఫలానా డిజైన్' అని చెప్పుకోదగ్గ బట్ట ఒక్కటీ గుర్తురాలేదు. అప్పుడు మాకు అర్థమైంది. దేవుడి గదిలో దీపాన్ని ఎవరూ ప్రత్యేకంగా చూడరు, దాని వెలుగులో విగ్రహాన్ని చూస్తారు. ఆమె పని కూడా అలాంటిదే. తన గొప్ప కనిపించకుండా పాత్రను కనిపించేలా చేయడమే ఆమె గొప్ప.

ఈ మాట మాకు పుస్తకంలో కంటే మా వార్షికోత్సవం పనుల్లో ఇంకా బాగా బోధపడింది. దండియాత్ర మీద చిన్న నాటిక వేయాలని మా ఉపాధ్యాయులు నిర్ణయించినప్పుడు, బట్టల పని మేమే అడిగి తీసుకున్నాము. సబర్మతి నుంచి దండికి ఇరవై నాలుగు రోజుల నడక. కొత్త తెల్ల పంచె కట్టి ఒకరిని, డికాషన్ నీళ్ళలో ముంచి ఆరబెట్టిన పాత పంచె కట్టి ఇంకొకరిని పక్కపక్కన నిలబెట్టి చూశాము. మొదటివాడు ఇప్పుడే పెళ్ళి పందిట్లోంచి లేచి వచ్చినట్టున్నాడు. రెండోవాడు నిజంగానే నడిచి వచ్చినట్టున్నాడు. దాంతో అందరి పంచెలూ డికాషన్‌లో మునిగాయి. అంచులకు ఇటుక పొడి రుద్దాము. చీర ఇచ్చిన ఒక అమ్మమ్మ, 'ఆ కాలంలో పల్లెటూళ్ళలో ఇంత పొడుగు కుచ్చెళ్ళు పెట్టేవారు కాదమ్మా, పొలంలో అడ్డం పడవూ?' అని చెప్పి తానే కట్టి చూపించింది. ఆ ఒక్క మాటతో మా నాటికలో ఆడవాళ్ళ నడకే మారిపోయింది. బట్ట మారితే మనిషి నిలబడే తీరు మారుతుందని అప్పుడు మా కళ్ళతో చూశాము.

ఖద్దరు కోసం ఆరా తీస్తే శ్రీకాకుళం జిల్లా పొందూరు సంగతి మళ్ళీ మా ఇళ్ళలో మాటల్లోకి వచ్చింది. అక్కడ పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి శుభ్రం చేస్తారు. ఆ తర్వాతే సన్నని నూలు వడుకుతారు. గాంధీజీ మెచ్చిన ఖద్దరు అది. భాను గారి వంటివారు కాగితం మీద ఎంత గీసినా, దాన్ని నిజం చేసేది ఇలాంటి చేతులే. వడికేవారు, నేసేవారు, రంగు అద్దేవారు, దర్జీలు, ఇస్త్రీ చేసేవారు. వారి పేర్లు తెర మీద పడవు.

ఆస్కార్ తర్వాత కూడా ఆమె విశ్రాంతి తీసుకోలేదు. 'లేకిన్', 'లగాన్' చిత్రాలకు జాతీయ పురస్కారాలు అందుకున్నారు. 2001లో 'లగాన్' వచ్చేనాటికి ఆమె వయసు డెబ్బై దాటింది. మా తరం పిల్లలకు బాగా తెలిసిన చిత్రం అదే. ఆ కథ కూడా 1893లోనే జరుగుతుంది, అంటే గాంధీజీని దక్షిణాఫ్రికాలో రైలు నుంచి తోసేసిన ఏడాదే. ఊరి జట్టులో కమ్మరి ఉన్నాడు, కుమ్మరి ఉన్నాడు, జాతకాలు చెప్పేవాడు ఉన్నాడు, ఊరు దూరంగా పెట్టినవాడూ ఉన్నాడు. అందరూ మట్టి రంగు నేత బట్టల్లోనే ఉంటారు, అయినా ఏ ఇద్దరూ ఒకేలా ఉండరు. ఎదుటి జట్టు మాత్రం అంతా ఒకే తెలుపు. రోజూ యూనిఫాం వేసుకునే మాకు ఆ తేడా వెంటనే తెలిసింది.

వందకు పైగా చిత్రాల అనుభవాన్ని ఆమె 2010లో ఒక పుస్తకంగా రాశారు. 2012లో ఆస్కార్ ప్రతిమను అకాడమీకే తిరిగి అప్పగించారు. తన తర్వాత అది ఇక్కడ భద్రంగా ఉంటుందో లేదోనన్నది ఆమె బెంగ. 2004లో శాంతినికేతన్‌లో రవీంద్రనాథ్ ఠాగూర్ నోబెల్ పతకం దొంగలపాలైన దేశం మనది. ఆమె బెంగలో న్యాయం లేదని మేము అనలేము. 2020 అక్టోబరు 15న ముంబైలో, తొంభై ఒకటో ఏట, ఆమె కన్నుమూశారు. మన తొలి ఆస్కార్‌ను చూడాలంటే ఇప్పుడు సముద్రాలు దాటి వెళ్ళాలి. ఈ మాట రాస్తుంటే మాకు కొంచెం సిగ్గుగానూ, చాలా బాధగానూ ఉంది. గెలిచినప్పుడు చప్పట్లు కొట్టడం మనకు బాగా వచ్చు. గెలిచినదాన్ని దాచుకోవడం ఇంకా నేర్చుకోవాలి.

మా తరగతిలో ఒక అమ్మాయి ఉంది. నోటు పుస్తకాల చివరి పేజీలన్నీ ఆమె గీసిన బొమ్మలతో నిండి ఉంటాయి. నాటికకు ముందు మా అందరి వేషాలనూ కాగితం మీద గీసి చూపించింది ఆమే. పదో తరగతి తర్వాత ఏం చదవాలన్న మాట వచ్చినప్పుడల్లా పెద్దలు ఆ బొమ్మలు చూసి నవ్వి, 'బావున్నాయి గానీ, ఇవి కూడు పెడతాయా?' అంటారు. పెద్దల భయం మాకు అర్థమవుతుంది. కష్టపడి ఇల్లు నడిపేవారికి పిల్లల రేపటి మీద బెంగ ఉంటుంది. అయితే భాను గారు మొదలుపెట్టిన రోజుల్లో ఈ విద్య నేర్పే ప్రభుత్వ సంస్థ ఒక్కటీ లేదు. నిఫ్ట్ ఢిల్లీలో మొదలైంది 1986లో, ఆమె ఆస్కార్ అందుకున్న మూడేళ్ళకు. ఇప్పుడు హైదరాబాద్‌తో సహా ఎన్నో ఊళ్ళలో దాని ప్రాంగణాలు ఉన్నాయి. తండ్రిలేని ఇంట్లోంచి, దారి లేని చోట ఒక మనిషి నడిచి వెళ్ళినప్పుడు, దారి పడిన తర్వాత మా స్నేహితురాలు నడవలేదా?

మిత్రులారా, అందరూ డిజైనర్లు కావాలని మేము చెప్పడం లేదు. ఒక్క చిన్న కోరిక. ఈసారి సినిమా చూసినప్పుడు పేర్లు పడేదాకా ఆగండి. దుస్తులు ఎవరు రూపొందించారో, ఎవరు కుట్టారో, ఆ పేర్లు చదవండి. అవి చిన్న అక్షరాల్లో, తొందరగా వెళ్ళిపోతాయి. అయినా చదవండి.